చలికాలపు బృంద నడకల ప్రణాళిక గురించి సలహా కావాలి

మా నడక సంఘం చలికాలంలో పల్లె దారుల వెంట జరిపే బృంద నడకలకు ప్రణాళిక వేసే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. అనుభవజ్ఞుల సలహాలను కోరుతున్నాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది సమయం. స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మరొక గంట పడుతుంది. బురద, జారే రాళ్లు, దాటవలసిన కంచెలు ఉన్న దారిలో, వయసులోనూ ఓపికలోనూ తేడాలున్న వారు కలిసి నడిచేటప్పుడు దానికి ఎంత అదనంగా కలుపుకోవాలి? సూర్యాస్తమయానికి కనీసం గంట ముందే నడక ముగియాలన్నది నా అభిప్రాయం. మబ్బు పట్టిన రోజున అది కూడా చాలదేమో.

రెండవ సందేహం వెనుకబడేవారి గురించి. ముందున్నవారు ఆగి, చివరివారు చేరుకోగానే బయలుదేరితే, విశ్రాంతి నిజంగా అవసరమైనవారికే అది దక్కదు. పోనీ అందరినీ ఎక్కువసేపు నిలిపి ఉంచుదామంటే, చెమటతో తడిసిన దుస్తుల్లో గాలికి నిలబడినవారి ఒంటి వేడి త్వరగా తగ్గిపోతుంది. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే అది ప్రాణాపాయానికి దారితీయవచ్చు కనుక, దీనిని నేను చిన్న విషయంగా చూడలేకపోతున్నాను. నెమ్మదిగా నడిచేవారిని నొప్పించకుండా మీ బృందాల్లో వేగాన్ని ఎలా నిర్ణయిస్తున్నారు?

చివరగా, వాతావరణం బాగాలేనప్పుడు నడకను రద్దు చేసే నిర్ణయాన్ని ముందురోజే తీసుకోవడం మంచిదా, లేక ఉదయం వరకు ఆగవచ్చా?