మైక్రోటిక్‌లో అడ్మిన్ నుంచి సూపర్ అడ్మిన్ లోపం: అడ్మిన్ నేనే అయితే నాకేంటి భయం?

గోదారి_కేబుల్:
అన్నలూ, ఒక సందేహం. మా ఊళ్లో కేబుల్ నెట్ ఆఫీసులో పనిచేస్తాను, ఏడు వందల పైచిలుకు పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో ఎక్కే) కనెక్షన్లు, అన్నీ ఒకే మైక్రోటిక్ రౌటర్ సీసీఆర్1009 మీద. దాంట్లో నడిచే సాఫ్ట్‌వేర్ రౌటర్ఓఎస్ 6.48.6, లాంగ్‌టర్మ్ (తక్కువగా మారే) రకం. సీవీఈ-2023-30799 అనే నంబరున్న భద్రతా లోపం గురించి ఇప్పుడే చదివాను, అడ్మిన్‌గా లాగిన్ అయినవాడు సూపర్ అడ్మిన్ అయిపోవచ్చట. అడ్మిన్ పాస్‌వర్డ్ మా దగ్గరే ఉంది కదా, ఇంక పైకి ఎక్కడానికి ఏముంది? అప్‌డేట్ చేద్దామంటే మా ఓనర్ గారు "నడుస్తున్నదాన్ని కెలకొద్దు, మ్యాచ్ టైములో నెట్ పోతే ఫోన్లు నువ్వే ఎత్తుతావా" అంటున్నారు.

పాత_నెట్‌వర్కర్:
తమ్ముడూ, అందరూ పొరపడేది అక్కడే. మైక్రోటిక్‌లో అడ్మిన్ అంటే అంతా మనదే అనుకుంటాం, కానీ కింద ఉన్న లినక్స్‌ని కంపెనీ వాళ్లు మనకి ముట్టుకోనివ్వరు. అద్దెకున్నవాడి చేతిలో ఇంటి తాళం ఉన్నా గోడ పగలగొట్టే హక్కు ఉండదు చూడు, అలాగన్నమాట. ఈ లోపంతో అడ్మిన్‌గా దూరినవాడు ఆ గోడ దాటి రూట్ షెల్ (ఏ అడ్డూ లేకుండా లినక్స్ కమాండ్లు కొట్టే చోటు) దాకా పోతాడు, అక్కడ వాడు పెట్టేది విన్‌బాక్స్‌లో (మనం రౌటర్ సెట్టింగులు చూసే ప్రోగ్రాం) నీకు కనపడదు. దారి 2022 జూన్‌లోనే రీకాన్ అనే సెక్యూరిటీ సదస్సులో చూపించారు, సీవీఈ నంబరు మాత్రం 2023 జులైలో వచ్చింది. స్టేబుల్ (మామూలు) రకంలో 6.49.7కి ముందువి, లాంగ్‌టర్మ్‌లో 6.48.6 దాకా ఉన్నవి దెబ్బతినేవే, అంటే నీది సరిగ్గా అంచు మీద ఉంది.

ఇంక "పాస్‌వర్డ్ మా దగ్గరే ఉంది" అన్నావు. ఎంతమంది దగ్గర ఉంది? మీ లైన్‌మెన్ అందరూ ఒకే అడ్మిన్ లాగిన్ వాడతారు కదా? మానేసి పోయినవాళ్లకి కూడా తెలిసే ఉంటుంది. పైగా 2018లో విన్‌బాక్స్‌లో ఇంకో లోపం ఉండేది, లాగిన్ అవకుండానే యూజర్ల ఫైలు లాగేసేవాళ్లు, దాన్ని 6.42.1లో మూసేశారు. మీ పెట్టె అప్పటికే ఉండి, విన్‌బాక్స్ వాడే 8291 పోర్టు బయటికి తెరిచి ఉండి, అప్పటి పాస్‌వర్డే ఇప్పటికీ వాడుతుంటే, ఎన్ని అప్‌డేట్లు చేసినా లాభం లేదు, ముందు అది మార్చు.

హైటెక్_బావ:
పై అన్న చెప్పింది కరెక్ట్. ఇది మైక్రోటిక్ ఒక్కదాని రోగం కూడా కాదు. 2023 అక్టోబర్‌లో సిస్కో పరికరాల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్ఈలో వెబ్ పేజీ తెరిచి ఉంటే చాలు, లాగిన్ కూడా అక్కర్లేకుండా హ్యాకర్లు 15వ లెవెల్ (అన్నిటికన్నా పై అధికారం) యూజర్‌ని సృష్టించేసుకున్నారు, ఆ యూజర్ల పేర్లు కూడా సిస్కో సపోర్ట్ వాళ్లవే అన్నట్టు పెట్టారు. రీబూట్ చేస్తే వాళ్లు దింపిన ప్రోగ్రాం పోయేది గానీ ఆ యూజర్లు అలాగే ఉండిపోయేవాళ్లు.

ఇక నీ పని విషయానికొస్తే, విన్‌బాక్స్‌లో ఐపీ కింద సర్వీసెస్ తెరువు. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, వెబ్ ఆపెయ్. ఏపీఐ (వేరే ప్రోగ్రాంలు రౌటర్‌తో మాట్లాడే దారి) మాత్రం మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుందేమో చూసుకుని ముట్టుకో, లేకపోతే పొద్దున్నే రీఛార్జిలు ఎక్కట్లేదని గొడవ. విన్‌బాక్స్‌కి మీ ఆఫీసు ఐపీ ఒక్కటే ఇవ్వు. చాలామంది బయటి ఇంటర్నెట్ వైపు మాత్రమే బ్లాక్ చేసి ఊరుకుంటారు, మరి ఆ ఏడు వందల మంది కస్టమర్లు లోపలే ఉన్నారు కదా, వాళ్ల ఇంట్లో వైరస్ పట్టిన పీసీ ఒక్కటి చాలు. అందుకే పీపీపీఓఈ వైపు నుంచి రౌటర్‌కి వచ్చేదాన్ని కూడా ఫైర్‌వాల్ ఇన్‌పుట్ చైన్‌లో (రౌటర్‌కే వచ్చేవాటి రూల్స్ ఉండే చోటు) డ్రాప్ చెయ్యి, అంటే అడ్డుకో.

రాత్రి_డ్యూటీ:
ఇవన్నీ చేసేముందు సేఫ్ మోడ్ బటన్ నొక్కరా బాబూ! నేను నొక్కకుండా ఒక డ్రాప్ రూల్ పైన పెట్టేసి, నన్ను నేనే బయటికి గెంటేసుకుని, రాత్రి ఒంటిగంటకి బండేసుకుని పన్నెండు కిలోమీటర్లు పోయాను. సేఫ్ మోడ్‌లో ఉంటే కనెక్షన్ తెగిన కాసేపటికి చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి.

గోదారి_కేబుల్:
అన్నలూ, ఇప్పుడే చూశా. సర్వీసెస్‌లో అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. లాగ్ నిండా ఎర్రటి గీతలు, అడ్మిన్ పేరుతో లాగిన్ ఫెయిల్ అని, నిమిషానికి నాలుగైదు, ఏవో బయటి ఐపీల నుంచి. చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ రాత్రి రెండింటికి 6.49 సిరీస్‌లో కొత్తదానికి అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టేస్తా, ఓనర్‌కి పొద్దున్న చెప్తా.

పాత_నెట్‌వర్కర్:
ఆగు ఆగు. ఆ లాగ్ మెమరీలో ఉంటుంది, రీబూట్ కొడితే పోతుంది. ముందు దాన్ని ఫైలుగా దించుకుని ఫెయిల్ అయినవి కాదు, లాగిన్ అయినవి వెతుకు, మీవి కాని ఐపీ ఒక్కటి ఉన్నా మామూలు అప్‌డేట్‌తో ఊరుకోకు. షెడ్యూలర్, స్క్రిప్ట్స్, సాక్స్ (ప్రాక్సీ) కూడా తెరిచి చూడు, మీరు పెట్టనిది ఏమైనా కనిపిస్తే కాన్ఫిగ్ ఎక్స్‌పోర్ట్ తీసుకుని లైను లైను చదివి, నెట్ఇన్‌స్టాల్‌తో (మైక్రోటిక్ వాళ్ల ఇన్‌స్టాల్ ప్రోగ్రాం) పెట్టె మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించడమే. ఓనర్‌కి మాత్రం పొద్దున్న కాదు, ఇప్పుడే ఫోన్ చెయ్యి.