వాటర్లూ టేబుల్: సైన్యాలు ముందే పేర్చి ఉంచాలా, ఆటగాళ్లకు వదిలేయాలా?

సీసంసిపాయి · శుక్రవారం రాత్రి 9:10
జూన్ 18కి దగ్గర్లో పడే ఆదివారం మా ఇంట్లో మళ్లీ బొమ్మ సైనికులతో వాటర్లూ యుద్ధం ఆట పెడుతున్నాను. యుద్ధం మొత్తం కాదు. 1815లో ఆ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ మీద నెపోలియన్ సైన్యంలోని డెర్లాన్ కోర్ (కొన్ని డివిజన్ల దళం) చేసిన దాడి ఒక్కటే. ఫ్రెంచ్ వైపు నుంచి చూస్తే ఎడమ చివర లా హే సాంత్ ఫారం, కుడి చివర పాపెలాట్, ఎదురుగా బ్రిటిష్ వాళ్లున్న గట్టు. 28 ఎంఎం ఫిగర్లు, బెటాలియన్‌కి 24, టేబుల్ 12 అడుగులు బై 5. రెండు వైపులా ఏ బెటాలియన్ ఎక్కడుందో అక్కడే నేను పేర్చి పెట్టేస్తాను, మీరొచ్చి మొదటి టర్న్ నుంచి ఆడొచ్చు. కిందటిసారి కొందరు గొణిగారు కాబట్టి ముందే అడుగుతున్నాను. అభిప్రాయాలు చెప్పండి.

నాలుగోవరుస · 9:22
వదిలేయండి. ఇందులో అడగడానికేముంది?

తోపుఖానా_వైజాగ్ · 9:58
అడగడానికి చాలా ఉంది. డెర్లాన్ డివిజన్లు ఆ రోజు నిలబడ్డ తీరే ఈ ఘట్టానికి ప్రాణం. డోంజెలో, మార్కోన్యే డివిజన్లలో బెటాలియన్లన్నీ లైన్‌లో (అడ్డంగా పొడవుగా) విప్పి, ఒకదాని వెనక ఒకటి ఎనిమిదీ తొమ్మిదీ పేర్చారు. ఒక్కో బెటాలియన్ మూడు వరుసలు. అంటే ముందు నుంచి వెనక్కి పాతిక వరుసల మనుషులు, బురదలో, ఒకళ్ల మడమల మీద ఒకళ్లు. పక్కనుంచి గుర్రాలొస్తే, వాటిని ఆపడానికి నాలుగు వైపులా తిరిగి నిలబడే చతురస్రం కట్టే వీల్లేదు. ఆటగాడికి వదిలేస్తే ఎవడూ చచ్చినా అలా పెట్టడు. చక్కగా బెటాలియన్ కాలమ్స్ (వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న బారులు) కట్టి, మధ్యలో ఖాళీలు వదిలి, వెనక గుర్రాలు పెట్టుకుని వస్తాడు. దానికి వాటర్లూ అని పేరెందుకు?

ఇంకో మాట. సిపాయి గారూ, కిందటిసారి వెల్లింగ్టన్ వైపున్న డచ్, బెల్జియన్ వాళ్ల బైలాండ్ట్ బ్రిగేడ్‌ని గట్టుకి ముందు వాలులో పెట్టారు. అది తప్పు. దాడి మొదలయ్యే ముందే, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, వాళ్లని వెనక్కి లాగేశారు. పాత బ్రిటిష్ పుస్తకాలు చూసి పెట్టినట్టున్నారు. ఈసారి సరిచేయండి.

మూసారంబాగ్_మస్కెట్ · 10:31
అన్నా, గిదంత సదివినంక నాకు సమజైంది ఒక్కటే. నేను ఆయితారం పొద్దుగాల్నే లేసి, మెట్రో ఎక్కి మీ ఇంటికొచ్చి, మార్కోన్యే చేసిన తప్పే మళ్ల చెయ్యాలె. చేసినంక బ్రిటిష్ గుర్రాల దళం స్కాట్స్ గ్రేస్ మూడో టర్న్‌ల దిగుతరని మీ షీటు మీద రాసే ఉంటది. నేను ఆడేదేంది మరి? పాచికలు ఏసుడేనా?

ఇగ చరిత్ర అంటున్నరు గద. ఆ దినం వెల్లింగ్టన్ తన మందిని గట్టెనక పండబెట్టిండు. అటుదిక్కు ఎంతమంది ఉన్నరో డెర్లాన్‌కు కనవడలే. నాకేమో కుర్చీలకెళ్లి లేస్తే చాలు, గట్టెనక బ్రిటిషోళ్ల పిక్టన్ డివిజన్ మొత్తం కనవడుతది, టోపీల మీది ఈకలతోటి సహా. బొమ్మలు ఏడ ఉండెనో ఆడ పెడితే చరిత్ర అయిపోద్దా? ఏం కనవడలేదో గది కూడ చరిత్రనే. గట్టెనకకు బొమ్మలు పెట్టకుండ్రి, చీటీలు పెట్టుండ్రి. కొన్నిట్ల పేర్లు, కొన్ని ఖాళీ. నేను గట్టెక్కినంకనే తిప్పి చూపెట్టుండ్రి.

లెస్టర్_తెలుగోడు · 10:40
చీటీలకు నా ఓటు. ఇక్కడ మేమూ అలాగే ఆడతాం.

తోపుఖానా_వైజాగ్ · 11:05
బైలాండ్ట్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

ఆరు_ఎంఎం · 11:17
మీ గొడవంతా స్కేలు తప్పు వల్ల వచ్చిందండీ. లెక్క చూడండి. 600 మంది బ్రిటిష్ బెటాలియన్ రెండు వరుసల్లో నిలబడితే వరుసకు 300. మనిషికి అర మీటరు పైన వేసుకుంటే దాదాపు 160 మీటర్లు. మీ 24 ఫిగర్లు, బేసుకి నాలుగు చొప్పున 40 ఎంఎం బేసులు ఆరు, లైన్‌లో 240 ఎంఎం. ఆ లెక్కన మీ టేబుల్ మీద 6 అడుగులంటే 1.2 కిలోమీటర్లు. 6 ఎంఎం ఫిగర్లతో అదే బెటాలియన్‌ని 60 ఎంఎం బేస్ మీద పెడితే, అదే 6 అడుగుల్లో దాదాపు 5 కిలోమీటర్లు పడుతుంది. అటు చివరి హూగోమాన్ ఫారంతో సహా వాటర్లూ మొత్తం ఒకే డైనింగ్ టేబుల్ మీద.

పైగా ఫ్రెంచ్ వాళ్లవి మూడు వరుసలు. అదే 600 మందికి లైను 100 మీటర్ల పైచిలుకే రావాలి. మీరు రెండు సైన్యాలకూ ఒకే 240 ఇస్తున్నారు. దీని గురించి మాట్లాడాలి అసలు.

నాలుగోవరుస · 11:19
మొదలెట్టాడ్రా బాబూ.

సీసంసిపాయి · శనివారం ఉదయం 7:45
ఆరు_ఎంఎం గారూ, బేసులు ఊడపీకి మళ్లీ అతికించే ఓపిక నాకు లేదు. ఇసుక, గడ్డి, వార్నిష్ అన్నీ అయిపోయినవి. ఆ ప్రస్తావన ఇక్కడితో ఆపేద్దాం.

మస్కెట్ తమ్ముడూ, చీటీలంటావా? ఆ గట్టు వెనక ఉండేది పిక్టన్ డివిజన్, దాని వెనక గ్రేస్ ఉన్న గుర్రాల దళం, యూనియన్ బ్రిగేడ్. పిక్టన్ డివిజన్‌లోని స్కాట్లాండ్ హైలాండర్ల కిల్టుల (గళ్ల లంగాల) మీద గళ్లు ఒక్కొక్కటీ చేత్తో గీశాను, మూడు రంగులు, తర్వాత మళ్లీ సన్నగీత. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని. వాటిని అట్టపెట్టెలో ఉంచి టేబుల్ మీద విజిటింగ్ కార్డులు పరచాలా?

మూసారంబాగ్_మస్కెట్ · 8:20
గట్ల రాండ్రి అన్నా తొవ్వకు.

లెస్టర్_తెలుగోడు · 8:34
చిన్న పిడకల వేట. లండన్‌లో నేషనల్ ఆర్మీ మ్యూజియంలో విలియం సైబోర్న్ చేసిన వాటర్లూ నమూనా ఉంది. 1838లో పూర్తయింది. 70 వేలకు పైగా బుల్లి సిపాయిలు, సాయంత్రం ఏడింటి ఘట్టం. పాల్గొన్న ఆఫీసర్లకు ఉత్తరాలు రాసి, ఎవరు ఎక్కడున్నారో అడిగి మరీ పేర్చాడాయన. అయినా ప్రష్యన్లను ఎక్కువ పెట్టాడని వెల్లింగ్టన్‌కి నచ్చలేదు. చివరికి చాలామంది ప్రష్యన్లను పీకేయాల్సి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు పేర్చడమంటే అంత తేలిక కాదని చెబుతున్నాను, అంతే.

తోపుఖానా_వైజాగ్ · 9:02
అదే నేనూ అనేది. బైలాండ్ట్ మీద పడ్డ నింద కూడా అక్కడిదే. డచ్, బెల్జియన్ వాళ్లు ముందు వాలులో నిలబడి, ఫిరంగులు పేలగానే పారిపోయారని బ్రిటిష్ వాళ్లు తరతరాలుగా రాసుకున్నారు. ఆ రోజు వెల్లింగ్టన్ సైన్యంలో బ్రిటిష్ వాళ్లు మూడో వంతే. మిగతా అంతా డచ్, బెల్జియన్, హనోవర్, నస్సావ్, బ్రన్స్‌విక్ వాళ్లు. వాళ్ల మాట ఎవరు విన్నారు? కిందటి ఆటలో అదే నింద మన టేబుల్ మీదకీ వచ్చింది. వాలులో పెట్టారు, మొదటి టర్న్‌లోనే ఫ్రెంచ్ గ్రాండ్ బ్యాటరీ (ఒకేచోట చేర్చిన ఫిరంగులు) ఊడ్చేసింది. ఐదు బెటాలియన్లు. ఒక్క తుపాకీ పేల్చకుండా పక్కన పళ్లెంలోకి.

నాలుగోవరుస · 9:06
ఆ ఐదు బెటాలియన్లూ ఎవరు పెయింట్ చేశారో అందరికీ చెప్పండి సార్.

తోపుఖానా_వైజాగ్ · 9:15
నేనే చేశాను. అయితే? విశాఖ నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దానికీ చరిత్రకీ సంబంధం లేదు.

మూసారంబాగ్_మస్కెట్ · 9:41
ఉన్నది గదే సంబంధం. ఇంక దాసుడెందుకు. సిపాయన్నకు ఆయన హైలాండర్లు కనవడాలె, తోపుఖానా సార్‌కు ఆయన బెల్జియన్లు సావొద్దు. దానికి చరిత్ర అని పేరు పెట్టిన్రు. మీరిద్దరిల ఎవరన్న ఎన్నడన్న ఫ్రెంచ్ దిక్కు ఆడిన్రా? జెర ఫొటోలు తిరగేసి చెప్పుండ్రి. ప్రతిసారి వెల్లింగ్టన్ సిపాయన్ననే. ఎందుకంటె బొమ్మలు ఆయనయి, ఇల్లు ఆయనది, ఏడ పేర్చాల్నో ఆయన ఇష్టం. మేము వచ్చి ఓడిపోయి, చాయ్ తాగి పోవాలె.

నా తాన కూడ ఫ్రెంచ్ ఉన్నది. పన్నెండు బెటాలియన్లు. తెస్తనంటె కిందటిసారి ఏమన్నరు?

సీసంసిపాయి · 10:10
పెయింట్ వెయ్యని బొమ్మలు నా టేబుల్ మీద పెట్టనివ్వనన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను. నల్ల ప్రైమర్ కొట్టి వదిలేసినవి. దూరం నుంచి చూస్తే చీమలబారులా ఉంటాయి. అందరూ ఇన్ని నెలలు కూర్చుని రంగులు వేసుకుంటుంటే, నువ్వు 3డీ ప్రింటర్లో ముద్రించుకొచ్చి పెట్టేస్తానంటే ఎలా? అక్కడ కూర్చునేది ఆడటానికే కాదు, చూడటానికి కూడా. ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆ లోయ ఎలా ఉండేదో ఒక్కసారి కళ్లారా చూడాలని నాకు. దానికోసమే ఇదంతా. ఆట తర్వాత సంగతి. ఒప్పుకుంటాను, నాకు ఆట తర్వాతే.

మిర్చి బజ్జీ తిన్న చేత్తో నా గ్రేస్‌ని పట్టుకున్నది ఎవరో కూడా చెప్పనా? ఒక కత్తి విరిగింది. ఇంకా అతకలేదు.

మూసారంబాగ్_మస్కెట్ · 10:24
కత్తి ఇరిగింది నా చేతుల కాదు. చేతుల ఇరిగినా పైసలిస్తనన్న.

రోజంత ఆఫీసు, ఇంటికొస్తె చిన్నపాప. నాకు రంగులేసే టైం ఏడిది? నాకు ఆడుడు ఇష్టం. రంగుల్లేకుంటె ఆడరాదంటె గట్లనే చెప్పుండ్రి, బోర్డు పెట్టుండ్రి. చరిత్ర పేరు చెప్పకుండ్రి.

కొత్తచేయి · 10:50
నేను ఒక్క బెటాలియనే పెయింట్ చేశాను, అదీ సరిగ్గా రాలేదు. నేను రావచ్చా?

సీసంసిపాయి · 10:52
తప్పకుండా రండి. రంగు వేశారు కదా.

లెస్టర్_తెలుగోడు · 11:30
ఇద్దరికీ కుదిరే దారి ఒకటుంది. ఫ్రెంచ్ ఆటగాడికి ముందు రోజే కాగితం మీద మ్యాప్ పంపండి, గట్టు వెనక ఖాళీగా. అతను తన డివిజన్లు ఎలా కడతాడో గీసి పంపుతాడు. సిపాయి గారు దాని ప్రకారం టేబుల్ మీద పేర్చుకుంటారు. అతను గదిలోకొచ్చేసరికి అన్నీ రంగుల్లో ఉంటాయి, అప్పటికి తన ఆర్డర్ మార్చుకునే వీలుండదు. ప్రష్యన్ ఆఫీసర్లు 1820ల్లోనే ఇలా మ్యాపుల మీద, మధ్యలో అంపైర్‌ని పెట్టుకుని ఆడేవాళ్లు. మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.

ఆరు_ఎంఎం · 11:33
మ్యాప్ ఏ స్కేల్‌లో?

సీసంసిపాయి · మధ్యాహ్నం 12:15
మ్యాప్ వరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ డెర్లాన్ కోర్ మొత్తం అతను కాలమ్స్‌లో గీసి పంపితే నేను అలాగే పేర్చాలా? పాతిక వరుసల ఆ ముద్ద ఉండదన్నమాట.

మూసారంబాగ్_మస్కెట్ · 12:20
ఉండది. నేను పెట్ట.

తోపుఖానా_వైజాగ్ · 12:41
అయితే ఈసారి నేను ఫ్రెంచ్ ఆడతాను. ఆ ముద్ద నేను పెడతాను. మస్కెట్ వెల్లింగ్టన్ అవుతాడు. కానీ బైలాండ్ట్‌ని గట్టు వెనకే ఉంచుతానని ముందు రాసివ్వాలి.

మూసారంబాగ్_మస్కెట్ · 12:44
ఏం రాసియ్య. వెల్లింగ్టన్‌ను నేనైతె ఏడ పెట్టాల్నో నాకెరుక. సిపాయన్నా, గీ ఒక్కసారి మీ హైలాండర్లను నాకిస్తరా?

నాలుగోవరుస · మధ్యాహ్నం 3:05
రెండు గంటలైంది. అన్న ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.