క్యాంపర్‌కు పాత వ్యాను: తక్కువ తిరిగినదా, తుప్పు పట్టనిదా?

దారిబత్తెం:
లోపల మంచం, వంటగట్టు కట్టి క్యాంపర్‌గా మార్చుకోవడానికి రెండు పాత వ్యాన్లు చూసి వచ్చాను, ఏది తీసుకోవాలో తేలడం లేదు. రెండూ ఫియట్ డుకాటోలే. 2.3 లీటర్ల డీజిల్ ఇంజను, పొడవైన బాడీ, మధ్యరకం ఎత్తు. మొదటిది 7 ఏళ్లది. దూరప్రాంతాలకు సరుకు మోసి 2,60,000 కిలోమీటర్లు తిరిగింది. ఒకే యజమాని, సర్వీసు పుస్తకం ఖాళీ లేకుండా నిండి ఉంది. రెండోది 12 ఏళ్లది, 90,000 కిలోమీటర్లే. ఒక ప్లంబరు వాడిన బండి, లోపల గోడలకూ అడుగుకూ ప్లైవుడ్ బిగించి ఉంది. ధరలో పెద్ద తేడా లేదు. చెక్కపని, వైరింగు నేనే చేసుకోగలను. ఇంజను పని నాకు రాదు. ప్రయాణించేది నేను, నా భార్య, ఆరేళ్ల పాప.

మైలురాయి:
90,000 బండి తీసుకోండి. పుస్తకం ఎంత చక్కగా ఉన్నా 2,60,000 కిలోమీటర్ల అరుగుదల అరుగుదలే. టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్, బేరింగులు ఒకదాని తరువాత ఒకటి ఖర్చు పెట్టిస్తాయి. ఇంజను పని రాదని మీరే అంటున్నారు కదా.

నిలువెత్తు:
మీ ఎత్తు ఎంత? డుకాటోలో మధ్యరకానికి లోపలి ఎత్తు 1.93 మీటర్లు. అడుగున, పైన ఇన్సులేషన్, చెక్క వేశాక ఆరేడు సెంటీమీటర్లు పోతాయి. ముందు ఇది తేల్చుకోండి.

రేకుపని:
దయచేసి తొందరపడకండి. 12 ఏళ్లకు 90,000 అంటే ఏడాదికి 7,500. వీధి నుంచి వీధికి తిరిగిన బండి అది. ఇంజను సరిగా వేడెక్కకముందే ఆపడం, మళ్లీ తీయడం. పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ఆ అవకాశం దొరక్కపోతే మసి పేరుకుంటుంది, కాలని డీజిల్ వెళ్లి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. పైగా ఈ ఇంజను లోపలి భాగాలను లయ తప్పకుండా తిప్పేది గొలుసు కాదు, టైమింగ్ బెల్టు; అది తెగితే ఇంజనే పాడవుతుంది. దానికి కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువూ ఉంటుంది. కిలోమీటర్లు ఇంకా నిండలేదని 12 ఏళ్లుగా దాన్ని మార్చకపోయి ఉంటే ఏమిటి పరిస్థితి?

ఇదంతా పక్కన పెట్టినా, ఆ ప్లైవుడ్ వెనక ఏముందో చూశారా?

మైలురాయి:
బెల్టు మార్చడానికి ఒక రోజు చాలు. దాని కోసం 1,70,000 కిలోమీటర్లు ఎక్కువ తిరిగిన బండి కొనమంటారా? తుప్పు బయట కనిపిస్తుంది, చూసి కొనుక్కోవచ్చు. లోపలి అరుగుదల కనిపించదు.

తూకంరాయి:
బండి బరువులు రాసి ఉండే రేకు పలక చదివారా? డుకాటోలో 30, 33, 35 అనే రకాలు ఉన్నాయి. అనుమతించిన మొత్తం బరువు 3,000, 3,300, 3,500 కిలోలు అని వాటి అర్థం. ఈ పొడవుకు ఖాళీ బండే రెండు టన్నులకు అటూ ఇటూ తూగుతుంది. 100 లీటర్ల నీరు పోస్తే 100 కిలోలు. ముగ్గురు మనుషులు, మంచం, అలమరాలు, బ్యాటరీలు. రెండింటిలో 30 ఏదైనా ఉంటే దాన్ని ఇప్పుడే వదిలేయండి.

రేకుపని:
తుప్పు బయటికి కనిపిస్తుందన్న మాట తప్పు, మైలురాయి గారూ. అది లోపలి నుంచి తింటుంది. బయట బుడగ కనిపించేసరికి వెనక రేకు కాగితమై ఉంటుంది. నా సంగతి చెబుతాను.

నేను కొన్నది కూడా తక్కువ తిరిగిన బండే, ప్లైవుడ్ బిగించినదే. అరలు బిగించడానికి పాత యజమాని కొట్టిన స్క్రూలు కొన్ని రేకును చీల్చుకుని అడుగు నుంచి బయటికి వచ్చాయి. వాటి తలల మీద రబ్బరు చాప పరిచి ఉంది. నేను ఆ ప్లైవుడ్ మీదే ఇన్సులేషన్ వేశాను, గోడ సందుల్లో స్ప్రే ఫోము, అంటే చల్లగానే ఉబ్బి గట్టిపడే నురగ, కొట్టించాను. పద్నాలుగు నెలల సెలవు రోజులు ఆ బండికే పోశాను. రెండో వానాకాలానికి వెనక చక్రం పైన, పక్క తలుపు కింద పెచ్చులు లేచాయి. వెల్డింగు చేయాలంటే వెనక ఫోము ఉండకూడదు, నిప్పంటుకుంటుంది. ఫోము గీకాలంటే గోడలు విప్పాలి. గోడలు విప్పాలంటే మంచం, వంటగట్టు అన్నీ తీయాలి. నా చేత్తో పెట్టిన పలకలను నా చేత్తోనే పీకాను.

ఇంజను పాడైతే బయట నుంచి దించి ఇంకొకటి ఎక్కిస్తారు. అలమరాల మీద గీత కూడా పడదు.

మైలురాయి:
మీ కష్టానికి బాధపడుతున్నాను. కానీ విప్పి చూడకుండా ఫోము కొట్టించింది మీరు. దానికి తక్కువ కిలోమీటర్లు ఏం చేశాయి? ఆ ఒక్క అనుభవంతో కొత్తవాళ్లను భయపెట్టడం న్యాయం కాదు.

తడిగడ్డి:
వెనక ఏ సీటు బిగించినా ఆ సీటూ, దాన్ని అడుగుకు పట్టి ఉంచే పట్టాలూ భద్రతా పరీక్షలో నెగ్గినవై ఉండాలని మరవకండి. అడుగున తుప్పు ఉంటే ఆ పట్టాలకు బలం ఎక్కడిది? పాప విషయం కదా.

రేకుపని:
చూడకుండా కొనలేదు. నేల మీద పడుకుని టార్చి వేసి అడుగంతా చూశాను. కనిపించినంత మేర శుభ్రంగా ఉంది. మీరు నా బండిని చూడలేదు, నేను ఎంత జాగ్రత్తపడ్డానో మీకు తెలియదు. "విప్పి చూడలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సర్వీసు పుస్తకం ఉన్న బండి మీద మీకు అంత కోపం ఎందుకో అది చెప్పండి ముందు.

మైలురాయి:
చెబుతాను. నేను కొన్న మొదటి బండి 2,40,000 తిరిగినది. పుస్తకం మీరు చెప్పినట్టే నిండుగా ఉంది. ఘాటు రోడ్డు మధ్యలో రాత్రి గేర్‌బాక్సు పట్టేసింది. వెనక మంచం మీద మా అమ్మ ఉంది, గుండె జబ్బు మనిషి. లాగే బండి వచ్చేసరికి తెల్లవారింది. ఆ ఏడెనిమిది గంటలూ ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. అలమరాల మీద గీత పడలేదు, నిజమే.

అప్పటి నుంచి తక్కువ తిరిగిన బండే కొంటాను, మూడేళ్లకు అమ్మేస్తాను. సామానంతా బోల్టులతో బిగిస్తాను, ఒక పూటలో దించి తరువాతి బండిలోకి ఎక్కిస్తాను. మూడేళ్లలో తుప్పు నన్ను ఏమీ చేయలేదు.

రేకుపని:
మూడేళ్లకు అమ్ముతారా? ఈ మాట మొదటే చెప్పవలసింది. నేను పదిహేనేళ్ల లెక్క వేస్తున్నాను. నేను కట్టిన దాన్ని విప్పి ఇంకో బండిలో పెట్టలేను, గోడ వంపుకు తగ్గట్టు కోసిన పలకలు అవి.

అమ్మగారి సంగతి తెలియక అలా అడిగాను, మన్నించండి.

మైలురాయి:
తెలిస్తే అడిగేవారు కాదు. పదిహేనేళ్లకైతే నా సలహా పనికిరాదు. అయినా పాపతో వెళ్లే మనిషికి మధ్యదారిలో ఆగే బండి వద్దనే అంటాను.

దారిబత్తెం:
అందరికీ కృతజ్ఞతలు. నేను ఎన్నాళ్లు ఉంచుకుంటానో మీరిద్దరూ మాట్లాడుకునేదాకా నేనే ఆలోచించలేదు. పాప పెద్దదయ్యేవరకు, అంటే కనీసం పదేళ్లు. నా ఎత్తు 1.78, సరిపోతుంది. రెండు పలకల మీదా 3,500 కిలోలు అనే ఉంది.

ఈ రోజు ప్లంబరు దగ్గరికి వెళ్లి, వెనక చక్రం దగ్గర ఒక్క ప్లైవుడ్ పలక విప్పి చూపించమన్నాను. మంచివాడు, తానే విప్పాడు. స్క్రూ రంధ్రాల చుట్టూ ఎర్రటి వలయాలు. ఒక చోట స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే రేకు లోపలికి దిగిపోయింది. ఆయనకూ తెలియదట, ముఖం చిన్నబోయింది. బెల్టు ఎప్పుడు మార్చారంటే గుర్తు లేదన్నాడు.

మొదటి బండి అడుగు రేపు లిఫ్టు మీద ఎత్తించి చూస్తాను. వెంట ఒక మెకానిక్‌ను తీసుకెళ్తున్నాను.

మైలురాయి:
అయితే మెకానిక్‌తో ఇవి చూపించండి. రాత్రంతా నిలబెట్టిన చల్లటి ఇంజనునే స్టార్టు చేయించండి, ముందే వేడి చేసి ఉంచితే ఒప్పుకోకండి. పై గేరులో ఎత్తు ఎక్కిస్తూ క్లచ్ జారుతుందేమో చూడండి. గేర్‌బాక్సు ఆయిల్ కొద్దిగా తీయించి వేళ్ల మధ్య రుద్దండి, లోహపు పొడి తగలకూడదు. కొన్నాక బెల్టు మార్పించేటప్పుడు దాన్ని బిగువుగా పట్టి నడిపే టెన్షనరు, రోలర్లు కూడా కొత్తవే వేయించండి.

రేకుపని:
లిఫ్టు మీద ఉండగానే జాకీ పెట్టే చోట్లు, వెనక స్ప్రింగుల కొక్కేలు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గట్టి రేకు మోగుతుంది, తిన్న రేకు మోగదు. స్ప్రే ఫోము మాత్రం కొట్టించకండి.