సింగిల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్: వాడిన ప్రతిసారీ మొత్తం విప్పాలా?

మోడల్‌బాబు: ఇటీవలే పాష్ కంపెనీ హెచ్ మోడల్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కొన్నాను, బొమ్మ మోడళ్లకి రంగులేయడానికి. పని అయ్యాక క్లీనర్ పోసి ఊదేస్తే చాలని కొందరు, విప్పి కడగకపోతే పాడైపోతుందని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

గుంటూరు_స్కేల్: ఊదేస్తే చాలు తమ్ముడూ. నా బ్యాడ్జర్ 200 ఎయిర్‌బ్రష్‌కి రోజూ అదే. ఊరికే విప్పుతూ బిగిస్తూ ఉంటే థ్రెడ్లు అరిగిపోతాయి, నీడిల్ (లోపలి సూది) కొన వంగుతుంది. రంగు మార్చినప్పుడల్లా విప్పుతూ కూర్చుంటే బొమ్మ ట్యాంకుకి రంగు వేసేదెప్పుడు?

రంగులగది: అన్నా, ఆయన అడిగింది హెచ్ గురించి. రెండూ సింగిల్ యాక్షనే: ట్రిగ్గర్ గాలిని మాత్రమే అదుపు చేయడం, రంగు ఎంత రావాలో ముందే తిప్పి పెట్టుకోవడం, ఈ రెంటికీ పోలిక అంతవరకే. 200లో గాలీ రంగూ లోపల కలుస్తాయి. హెచ్‌లో బయట కలుస్తాయి. జార్‌లోంచి పైకొచ్చిన రంగు ముందున్న కలర్ పార్ట్ (టిప్, నీడిల్ ఉండే ముక్క) గుండా పోతుంది, గాలి వాల్వ్ దాకా వెళ్లనే వెళ్లదు. అలెన్ కీతో చిన్న స్క్రూ వదులు చేస్తే ఆ ముక్క చేతిలోకి వస్తుంది. శంకువు ఆకారపు టిప్‌ని తిప్పి తీస్తే లోపలి నీడిల్ కనిపిస్తుంది. రెండూ కడిగి, ఎయిర్‌క్యాప్ (గాలి బయటికొచ్చే మూత) తుడిస్తే అయిపోయినట్టే. దీనికి ఇంత వాదనా? ప్రతిసారీ విప్పమనే నేను చెప్తా.

గుంటూరు_స్కేల్: మరి 200కి?

రంగులగది: దానికి మీరన్నదే సగం నిజం. నాజిల్ జోలికి రోజూ పోనక్కర్లేదు. నీడిల్ మాత్రం తీసి తుడవాలి. రంగు వెనక్కి పాకి బేరింగ్ (నీడిల్ దూరే బిగుతు రంధ్రం) దగ్గర ఎండితే నీడిల్ పట్టేస్తుంది. అక్రిలిక్ ఒకసారి ఎండాక నీళ్లకు లొంగదు, మన మే నెల ఎండల్లో అయితే కొన మీద చూస్తుండగానే ఆరిపోతుంది.

థిన్నర్_రాజు: ఇన్ని తంటాలు ఎందుకండీ, బ్రష్ మొత్తాన్ని రాత్రంతా లక్కర్ థిన్నర్‌లో పడేయండి. పొద్దున్నకి తళతళ.

రంగులగది: వద్దండీ! లోహపు ముక్కలకి పర్లేదు, రబ్బరు సీళ్లు ఉంటే ఉబ్బిపోతాయి. గాలి వాల్వ్ ఉన్న బాడీని నానబెట్టడం నాకు అస్సలు నచ్చదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

థిన్నర్_రాజు: నా బ్రష్‌కి ఏమీ కాలేదు మరి.

గుంటూరు_స్కేల్: నేను ఒక్క చోట తగ్గుతా. మెటాలిక్ కొట్టాక తెలుపు వేయాలంటే విప్పాల్సిందే. వెండి రేణువులు ఎక్కడో దాక్కుని తెలుపులో మెరుస్తాయి. మామూలు రంగులకి మాత్రం విప్పను, మీరెన్ని చెప్పినా.

మోడల్‌బాబు: సరేనండీ, నాది హెచ్ కాబట్టి విప్పుతాను. ఆ అలెన్ స్క్రూ ఎంత బిగించాలి?

రంగులగది: కలర్ పార్ట్ కదలకుండా ఆగేంత. అంతకు మించి బలం పెట్టొద్దు. కింద తెల్లగుడ్డ పరుచుకుని విప్పండి, ఆ స్క్రూ కిందపడితే దొరకదు.