లా లిగాలో పాయింట్లు సమానమైతే పైన ఎవరు?

గోల్‌పోస్ట్_గుంటూరు:
ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చూసే అలవాటుతో స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగా పట్టిక చూస్తుంటే లెక్క కుదరట్లేదు. పాయింట్లు సమానం, గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) తక్కువున్న టీమ్ పైన! కొన్ని వారాల ముందు అవే రెండు టీమ్‌లు గోల్ డిఫరెన్స్ ప్రకారమే ఉన్నాయి. సీజన్ మధ్యలో రూల్ మారుస్తారా? మూడు టీమ్‌లు సమానమైతే?

ఎడమ_వింగ్:
రూల్ ఒకటే. ఆ రెండు టీమ్‌ల మధ్య హోమ్, అవే మ్యాచ్‌లు రెండూ అయ్యాకే ముఖాముఖి లెక్క మొదలవుతుంది. ఒక్కటే అయి ఉంటే అప్పటిదాకా మొత్తం గోల్ డిఫరెన్సే. మీరు ముందు చూసినప్పుడు రెండో మ్యాచ్ ఇంకా జరిగి ఉండదు.

రెండూ అయ్యాక వాటి స్కోర్లు కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లు పైన. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్‌కి ప్రత్యేక విలువేం లేదు. అదీ సమానమైతే మొత్తం గోల్ డిఫరెన్స్, ఆపైన సీజన్ మొత్తంలో కొట్టిన గోల్స్, చివరికి ఫెయిర్ ప్లే (కార్డులు, క్రమశిక్షణ లెక్క).

2006-07 టైటిల్ ఇలాగే తేలింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరో 76 పాయింట్లు. బార్సా గోల్ డిఫరెన్స్ +45, రియల్‌ది +26. కానీ సొంత మైదానం బెర్నబ్యూలో రియల్ 2-0తో గెలిచింది, బార్సా మైదానం క్యాంప్ నౌలో 3-3 డ్రా. కప్పు మాడ్రిడ్‌కి. ప్రీమియర్ లీగ్ రూల్ అయితే బార్సాదే.

ఆఫ్‌సైడ్_అప్పారావు:
మూడు టీమ్‌లైతే జంటజంటగా చూడకూడదు, అందరూ పొరబడేది ఇక్కడే. ఆ ముగ్గురి మధ్య జరిగిన 6 మ్యాచ్‌లతో చిన్న పట్టిక వేయాలి: ముందు పాయింట్లు, తర్వాత ఆ మ్యాచ్‌ల గోల్ డిఫరెన్స్, ఆపైన మొత్తం గోల్ డిఫరెన్స్.

ఉదాహరణకి ఎ, బి, సి తలా 60 పాయింట్లు అనుకోండి (ముందు రాసింది హోమ్ టీమ్):
ఎ 2-0 బి, బి 1-0 ఎ
ఎ 1-1 సి, సి 2-0 ఎ
బి 3-0 సి, సి 0-0 బి

చిన్న పట్టికలో బి 7, సి 5, ఎ 4. ఎ అట్టడుగున. ఇప్పుడు సి చివరి రోజు ఇంకో పాయింట్ తెచ్చుకుని 61కి వెళ్లిందనుకోండి. మిగిలింది ఎ, బి మాత్రమే. ముఖాముఖి కలిపితే 2-1, ఎ పైకి! తమ మ్యాచ్‌లు ముగించుకుని కూర్చున్న రెండు టీమ్‌ల స్థానాలు మూడో టీమ్ గోల్‌తో తారుమారు. రెలిగేషన్ (కింది డివిజన్‌కి ఎవరు పడిపోతారో) తేలే రోజున బెంచ్ మీద ఫోన్లు పట్టుకుని కూర్చునేది ఇందుకే.

గోల్‌పోస్ట్_గుంటూరు:
అంటే మొదటి మ్యాచ్ 3-0తో ఓడితే, రెండోది గెలిస్తే చాలదన్నమాట?

ఎడమ_వింగ్:
చాలదు. 4-0 కావాలి. 3-0 అయితే సమం, లెక్క మళ్లీ మొత్తం గోల్ డిఫరెన్స్‌కి పోతుంది. 2-0తో గెలుస్తున్నా 88వ నిమిషంలో సెంటర్‌బ్యాక్‌లు (మధ్య డిఫెండర్లు) కార్నర్‌కి పైకి పరిగెడుతుంటే మొదటి మ్యాచ్ స్కోర్ చూడండి, కారణం అక్కడుంటుంది. ఓడిపోతున్న టీమ్ కూడా అందుకే టైమ్ వేస్ట్ చేస్తుంటుంది. కొత్తగా చూసేవాళ్లకి పిచ్చిలా ఉంటుంది గానీ, వాళ్లు కాపాడుకునేది ఆ తేడానే.

రిజర్వ్_కీపర్:
మన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోనూ ముఖాముఖి చూసి తేల్చిన సందర్భం ఉంది. 2020-21లో ముంబై సిటీ, ఏటీకే మోహన్ బగాన్ చెరో 40 పాయింట్లు. చివరి లీగ్ మ్యాచ్‌కి ముందు ముంబై 3 పాయింట్లు వెనక. బగాన్‌కి డ్రా చాలు. ముంబై 2-0తో గెలిచింది, అంతకుముందు మ్యాచ్ కూడా 1-0తో వాళ్లదే. పట్టికలో మొదటి స్థానానికిచ్చే లీగ్ షీల్డ్, ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్ బెర్త్ రెండూ ముంబైకే.