ఇన్సులిన్ పెంచుతున్నా పరగడుపు షుగర్ ఒకరోజు 100, ఇంకోరోజు 240. డాక్టర్‌ని ఏమని అడగాలి?

మున్నేరు

అమ్మకి 61 ఏళ్లు. టైప్ 2 షుగర్, పన్నెండేళ్ల నుంచి. మెట్‌ఫార్మిన్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బీపీకి మెటోప్రొలాల్. ఐదు నెలల క్రితం ఇన్సులిన్ మొదలుపెట్టారు. 30/70 మిక్స్ (30 వంతులు త్వరగా, 70 వంతులు నెమ్మదిగా పనిచేసే మందు), సీసాలోది, సిరంజితో వేస్తాం. టిఫిన్ ముందు 16 యూనిట్లు, రాత్రి భోజనం ముందు 12.

పరగడుపు షుగర్ ఈమధ్య వరసగా: 98, 232, 241, 110, 226, 104, 238. తిండి పెద్దగా మారట్లేదు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, కూర, మజ్జిగ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.9 వచ్చింది. నిన్న చూపిస్తే 20, 16కి పెంచమన్నారు. చూసింది ల్యాబ్ కాగితం ఒక్కటే, మేం రాసుకున్న నోటుబుక్కు తెరిచే టైమే లేదు, బయట క్యూ అంత ఉంది.

పెంచాలా, ఆగాలా? ఆయనకి ఎదురు చెప్పినట్టు కాకుండా ఎలా అడగాలి? స్ట్రిప్పులు రోజుకి ఒకటికి మించి కొనలేం, దాన్ని ఎప్పుడు వాడితే ఉపయోగం?

సూదిమందు

డోసు సంగతి తర్వాత. ఒకే డోసుకి 98, 241 రెండూ వస్తున్నాయంటే ముందు చూడాల్సింది మందు ఒంట్లోకి ఎంత వెళ్తోందన్నది. ఈ రాత్రే ఇవి చూసి ఇక్కడ రాయండి.

సీసా మీద 40 ఐయూ (మి.లీ.కి 40 యూనిట్లు) ఉందా, 100 ఐయూ ఉందా? సిరంజి మూత రంగేంటి? మన దగ్గర ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. సిరంజి ఒంటి మీద కూడా అంకె ఉంటుంది, రంగు కంటే దాన్ని నమ్మండి.

సూది వేసేచోట వేళ్లతో తడమండి. చూస్తే కనపడదు, చెయ్యి తడి చేసుకుని కొంచెం సబ్బు రాసి మెల్లగా జరిపితే గడ్డలు తెలుస్తాయి. ఒకేచోట పదేపదే వేస్తే చర్మం కింద కొవ్వు గట్టిపడుతుంది. అక్కడ నొప్పి తెలీదు కాబట్టి అందరూ అక్కడే వేయించుకుంటారు. కానీ మందు అందులోంచి ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు.

30/70 మిక్స్ తెల్లగా, మబ్బుగా ఉండే మందు. నిలబెట్టి ఉంచితే అడుగుకి దిగుతుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించాలి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గిలక్కొట్టకూడదు, నురగ వస్తే సిరంజిలోకి మందు బదులు గాలి వస్తుంది. ఎంత కలిపినా అడుగున ముక్కలు, గాజుకి అంటుకున్న తెల్లపొర కనిపిస్తే ఆ సీసా పారేయండి. ఫ్రీజర్ పక్కన పెట్టి ఒక్కసారి గడ్డకట్టినా అంతే, కరిగాక మామూలుగా కనిపించినా వాడొద్దు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. వాడుతున్న సీసా గదిలో ఉంచొచ్చు, కానీ ఎండాకాలంలో మన గదులు 30 డిగ్రీలు దాటతాయి కదా. అప్పుడు ఫ్రిజ్ తలుపు అరే మేలు. కరెంటు పోతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, మందుకి తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచండి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. సాధారణంగా 28 రోజులు, మీ కంపెనీ కాగితంలో వేరే గడువుంటే అదే లెక్క.

ఇంకోటి, ఈ రకం మందు వేసి అరగంట ఆగి తినాలి. వేసిన వెంటనే తింటే తిండి ముందు పరుగెడుతుంది, మందు వెనకపడుతుంది.

మున్నేరు

సీసా 40 ఐయూ. సిరంజీలు రెండు పెట్టెలున్నాయి, ఒకటి ఎర్రమూత, ఒకటి నారింజ. ఏది చేతికి దొరికితే అది. బొడ్డుకి ఎడమపక్క గట్టిగా రెండు చోట్ల తగులుతోంది.

మందులచీటీ

దొరికిందండీ. కౌంటర్లో ఇది తరచూ చూసేదే. షాపువాడు "ఇన్సులిన్ సిరంజి" అని అడిగితే ఉన్నది ఇచ్చేస్తాడు, ఎన్నో నంబరుదని అడగడు.

లెక్క చూడండి. ఎర్రమూత సిరంజిలో 16 గీత దాకా లాగితే 0.4 మి.లీ. అందులో 16 యూనిట్లు. నారింజదాంట్లో 16 గీత అంటే 0.16 మి.లీ. మాత్రమే. మీ 40 మందుతో అది 6.4 యూనిట్లు. రాత్రి 12 అనుకున్నది 4.8. అంటే నారింజ రోజున అమ్మగారికి వెళ్లింది సగం కూడా కాదు. మీ 98, 110, 104 ముందురోజు రాత్రి ఎర్రవీ, 230లు నారింజవీ అయ్యుంటాయని నా అనుమానం, నోటుబుక్కు, పెట్టెల్లో మిగిలినవి చూసి పోల్చుకోండి.

ఇదే తిరగబడితే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్ మందు 100 ఐయూ. పెన్ను పాడైందని అందులోంచి ఎర్రమూత సిరంజితో 16 గీత లాగితే లోపలికి పోయేది 40 యూనిట్లు. ఎప్పుడూ అలా లాగొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నారింజ పెట్టె ఇంట్లోంచి తీసేయండి, అంతవరకు సరే. కానీ ఎర్రదానితో 20, 16 మొదలుపెట్టేయకండి. నిన్నటి డోసు పెంపు 8.9 చూసి ఇచ్చింది. ఆ 8.9లో నారింజ రోజులన్నీ కలిసున్నాయి. దానికి తోడు గడ్డలు వదిలి కొత్తచోట వేస్తే మందు మునుపటికంటే బాగా ఎక్కుతుంది. సరైన సిరంజి, కొత్త చోటు, పెంచిన డోసు మూడూ ఒక్కరోజే కలిస్తే రాత్రి రెండు, మూడు గంటలకి షుగర్ పడిపోతుంది. రాత్రి వేసిన మిక్స్‌లో ఆ నెమ్మది మందు, 70 వంతులది, బలంగా పనిచేసే వేళ అదే. కాబట్టి ఇవాళే, తర్వాతి సూదికి ముందే ఫోన్ చేయండి. ఏ డోసన్నది ఆయన చెప్పాలి, మనం కాదు.

ఇంకో మాట. బిళ్లల విషయంలోనూ ఇదే పేచీ. రేపు గ్లిమెపిరైడ్ (ఇంకో షుగర్ మందు) కలిపిన బిళ్ల రాస్తే పేరు చివర 1, 2, ఫోర్ట్ అని తోకలుంటాయి. 1కి బదులు 2 ఇస్తే ఒక మందు రెట్టింపవుతుంది, ఫోర్ట్ అంటే చాలా బ్రాండ్లలో మెట్‌ఫార్మిన్ 1000. షాపు మారిస్తే పేరు కాదు, అట్ట వెనక మందులూ మి.గ్రా.లూ పాత అట్టతో పోల్చి చూడండి. జన ఔషధి షాపులో కొన్నా అదే పద్ధతి.

రెండో_అభిప్రాయం

అడగడం గురించి. "మీరు నోటుబుక్కు చూడలేదు" అని మొదలెడితే మాట పెడసరంగా వెళ్తుంది. మూడు నిమిషాలే ఉంటే మూడు నిమిషాలకి సరిపడా పట్టుకెళ్లాలి. ఒక్క కాగితం, ఒకవైపే. పైన అడగాల్సిన ప్రశ్న. దాని కింద మందులు, మి.గ్రా.తో. దాని కింద 14 రోజుల అంకెలు. డాక్టర్లు అడ్డంగా ఒక రోజు, నిలువుగా టిఫిన్ ముందు, తర్వాత, భోజనం ముందు, తర్వాత, రాత్రి 3 అని గళ్లు గీసినదైతే ఒక్క చూపులో చదువుతారు. 70 కింద వచ్చినదానికి చుట్టూ గీయండి.

ఫోన్లో అయితే ఇంతే: "డాక్టర్ గారూ, సిరంజీలు కలిసిపోయాయి. అమ్మకి కొన్నిరోజులు 16 బదులు 6 యూనిట్లే వెళ్లాయి. సరిగ్గా 16, 12 పడిన రోజుల్లో పరగడుపు 100 దగ్గర ఉందని అనుకుంటున్నాం. గడ్డలు కూడా ఉన్నాయి, చోటు మారుస్తున్నాం. 20, 16కి పెంచాలా, పాతదే ఉంచాలా?" ఇలా అడిగితే ఎదురు చెప్పినట్టు ఎవరూ అనుకోరు. ఆయనకి లేని సమాచారం మీరిస్తున్నారు. ఆయన దొరక్కపోతే కాంపౌండర్ దగ్గర మాట వదిలేసి ఊరుకోకండి. డ్యూటీ డాక్టర్‌ని, లేదంటే ప్రభుత్వాసుపత్రిలో షుగర్, బీపీ లాంటివి చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లోనైనా అడగండి.

చీటీ అర్థం కాకపోతే అక్కడే అడగాలి. మందు పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన 2016లోనే వచ్చింది. రికార్డులు కావాలని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నిబంధనల్లో ఉంది. దెబ్బలాటకి కాదు గానీ, ఇంకొకరికి చూపించాలంటే పాత రిపోర్టులు లేకుండా మళ్లీ మొదటినుంచీ టెస్టులు రాస్తారు.

8.9 గురించి కూడా ఒక్క ప్రశ్న అడగండి: హిమోగ్లోబిన్ ఎంత? ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే ఆ అంకెని నమ్మడానికే లేదు. మామూలుగా 7 అంటే సగటు 154, 8 అంటే 183, 9 అంటే 212. మీ మీటరు సగటుకీ దీనికీ పొంతన లేకపోతే ఆ తేడాని కాగితం మీద రాయండి.

కిడ్నీలకి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే లెక్క), చుక్కలు వేసి చూసే కంటి పరీక్ష, పాదాల్లో స్పర్శ పరీక్ష ఏడాదికోసారి. పన్నెండేళ్లలో ఎప్పుడు చేశారో తేదీలు అదే కాగితం మూల రాస్తే, చేయించనివి ఆయనకే కనిపిస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, కాబట్టి ఆ పరీక్ష కూడా అడగొచ్చు.

సూదిమందు

స్ట్రిప్పుల సంగతి. రోజూ పరగడుపునే చూస్తే ఒక్క ప్రశ్నకే వారమంతా జవాబు దొరుకుతుంది. ఇప్పుడు సిరంజి మారింది కాబట్టి మొదటి వారం మాత్రం పరగడుపువి తప్పవు, వాటికి తోడు రెండు రాత్రులు 3 గంటలకి చూడండి. ఆ వారానికి రెండు స్ట్రిప్పులు ఎక్కువైనా కొనండి, ఇంకెక్కడైనా తగ్గించుకోవచ్చు. కుదురుకున్నాక వారానికి ఏడు ఇలా: సోమవారం టిఫిన్ ముందు, తర్వాత. బుధవారం మధ్యాహ్నం భోజనం ముందు, తర్వాత. శుక్రవారం రాత్రి భోజనం ముందు, తర్వాత. ఏడోది రాత్రి 3కో, ఒంట్లో తేడాగా అనిపించినప్పటికో. తర్వాత అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు. జంటగా చూస్తేనే ఆ పూట తిండి ఎంత పెంచిందో తెలుస్తుంది.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే 300 కూడా చూపిస్తుంది. వేలి కొసన కాదు, పక్కన గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టకపోతే గాలిలో తేమకి పాడవుతాయి.

మెటోప్రొలాల్ ఉందన్నారు, అది ముఖ్యం. షుగర్ పడిపోతే వచ్చే గుండెదడ, వణుకు ఆ మందు కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. నిద్రలో దిండు తడవడం, పొద్దున తలనొప్పి, మాట తడబడటం ఉంటే ముందు మీటరు. 70 కంటే తక్కువుంటే గ్లూకోజ్ పొడిగానీ పంచదారగానీ మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి. 15 నిమిషాలకి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక రెండు బిస్కెట్లో కొంచెం అన్నమో. లడ్డూ, చాక్లెట్ వద్దు, నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108.

సూది బొడ్డుకి రెండు వేళ్ల దూరం వదిలి వేయాలి. పొట్టని నాలుగు భాగాలనుకుని వారానికో భాగం, ఆ భాగంలో ప్రతిసారీ వేలెడు జరిపి. గడ్డలున్నచోట కొన్ని నెలలు అసలు ముట్టుకోవద్దు.

కొర్రన్నం

తిండి గురించి ఎవరో ఒకరు రాగిజావ తాగించి ఇన్సులిన్ మానేయమని రాస్తారు, వాళ్లకంటే ముందే చెప్తున్నా. రాగిపిండి పల్చగా ఉడికించి జావ చేస్తే షుగర్ త్వరగా పెంచుతుంది. అదే రాగి సంకటి ముద్దగా, పప్పుకూరతో తింటే నెమ్మది. చిరుధాన్యం పేరు కాదు, ఎంత పిండి, ఎంత ఉడికింది, దేనితో తిన్నాం అన్నది లెక్క. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం దాదాపు 28 గ్రాములు, కొర్రన్నమైనా మరీ తక్కువేం కాదు.

మిక్స్ ఇన్సులిన్‌కి మాత్రం ఒక నియమం తప్పదు: పూట మానొద్దు, వేళ దాటొద్దు. ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారాలు ఉంటే రెండు వారాల ముందే డోసు అడగాలి, ఆ పొద్దున కాదు.

మున్నేరు

ఫోన్లో దొరికారు. పాత 16, 12నే ఎర్ర సిరంజితో వేయమన్నారు, వారం తర్వాత అంకెలు పంపమన్నారు. 20, 16 రాసిన చీటీ కొట్టేసి పక్కన తేదీ వేశాం. ఒక సందేహం: వాంతులై తిండి తినలేకపోతే ఇన్సులిన్ పూర్తిగా ఆపేయాలా?

సూదిమందు

సొంతంగా పూర్తిగా ఆపొద్దు. జ్వరంలో తినకపోయినా షుగర్ పెరగొచ్చు. నాలుగు గంటలకోసారి చూసుకుంటూ, కొంచెం కొంచెంగా ద్రవాలు ఇస్తూ డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ పూటకి ఎంతో అడగండి. మెట్‌ఫార్మిన్ మాత్రం వాంతులు, విరేచనాలు తగ్గేదాకా ఆపమంటారు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు ఆ మందుని సరిగా బయటికి పంపలేక అది పేరుకుంటే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. వారం తర్వాత అంకెలు పంపేటప్పుడే ఈ ప్రశ్న కూడా రాసి, ఆయన జవాబుని మందుల కాగితం వెనక రాసిపెట్టుకోండి.