కొత్త బ్యాటరీ ఏసినా మూడు రోజులకే దిగిపోతున్నది, సెల్ఫ్ తీసుకుంటలేదు

పరకాల పోరడు:
అన్నలకు నమస్తే. మాది 2019 డీజిల్ బండి, పుష్ స్టార్ట్, సిగ్నల్ కాడ ఆగితే ఇంజన్ దానంతటదే బందయ్యే సిస్టం గూడ ఉన్నది, 71 వేలు తిరిగింది. నేను హన్మకొండల పని చేస్త, బండి ఊర్లె నాయిన కాడ ఉంటది. దసరా అయినప్పటికెల్లి ఒకటే లొల్లి. దినాం తీస్తే ఏం గాదు, మూడు నాలుగు రోజులు షెడ్డుల పెట్టి పొద్దుగాల బటన్ నొక్కితే టకటకటక సప్పుడు చేస్తది గంతే, మీటర్ల ఏబీఎస్సు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు లైట్లన్నీ జాతర లైట్ల లెక్క వెలుగుతయి. ట్రాక్టర్ బ్యాటరీకి జంపర్ పెట్టి లేపుతున్నం. పాత బ్యాటరీ నాలుగేండ్లదాయె, దానిదే తప్పనుకొని 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీల ఎంత కరెంట్ పడతదో ఆ లెక్క) కొత్తది ఏయించిన, అది గూడ రెండు వారాలల్ల రెండు సార్లు దిగింది. స్కానర్ పెట్టినాయన యూ తోని మొదలయ్యే కోడ్లు పదకొండు చూపెట్టి ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) పోయినట్టున్నది, 40 వేలు చూస్కో అన్నడు. నేనే మల్టీమీటర్ పట్టి చూస్తే బండి బందున్నా 3 ఆంపియర్లు పోతున్నయి, గుండె జల్లుమన్నది. నిజంగ ఈసీఎమ్మేనా?

రామగుండం రైడర్:
డైనమో చూపిచ్చినవా? నాకు గిట్లనే అయితే డైనమో బాగుచేయిస్తే సెట్ అయింది. అసలు మా దిక్కు ఎండలకు బ్యాటరీ మూడేండ్లు నిలిస్తే గొప్ప.

పరకాల పోరడు:
చూసిన అన్నా, ఇంజన్ మీద 14.2 వోల్టులు వస్తున్నది. బెల్టు గూడ మంచిగనే ఉన్నది.

కాజీపేట వైరింగ్:
తమ్మీ ఈసీఎం జోలికి పోకు. యూ కోడ్లంటే బండిల ఒక మాడ్యూల్ (చిన్న కంప్యూటర్ డబ్బా) మాట ఇంకోదానికి అందలేదని, అంతే. బ్యాటరీ దిగినంక నువ్వు సెల్ఫ్ కొడుతుంటే వోల్టేజ్ 8, 9కి పడిపోతది, అప్పుడు అన్ని మాడ్యూళ్లు ఒకటెనుక ఒకటి ఆగిపోయి ఒకదాని మీద ఒకటి కంప్లైంట్ రాస్కుంటయి. బ్యాటరీ చార్జర్ మీద ఫుల్ చేసి, ఇంజన్ బంద్ చేసి రాత్రంత ఉంచినంక 12.6 ఉన్నదా చూడు, కోడ్లు తుడిపియ్యి, మల్లొస్తే అప్పుడు మాట్లాడదాం.

ఇగ ఆ 3 ఆంపియర్ల సంగతి. బానెట్ ఎత్తి, డోర్ తెరిచి, తాళం జేబుల పెట్టుకొని బండి పక్కన నిలబడి చూసి ఉంటవు, గట్లయితే ఏ బండైనా 3 చూపెడతది, అది మెల్కతోనున్నది గనుక. ఇప్పటి బండ్లు లాక్ చేసినంక అరగంట దాక పండుకోవు, కొన్ని ముప్పావుగంట గూడ తీస్కుంటయి. పండుకున్నంక 50 మిల్లీ ఆంపియర్ల (0.05 ఆంపియర్) లోపలుండాలె. చాన మంది ఈడనే బోర్ల పడతరు, మీటర్ పెట్టుడే బండిని లేపుతది.

ఇట్ల చెయ్యి. డోర్ తెరిచి పెట్టి, దాని లాక్ నాలుకను స్క్రూడ్రైవర్ తోని టక్కుమని పడేదాక నూకు, బండి తలుపు మూసిండ్రనుకుంటది (అయిపోయినంక హ్యాండిల్ గుంజి నాలుకను వెనుకకు తెచ్చినంకనే డోర్ మూయి, మరిచిపోతే లాక్ విరుగుతది, నేను ఒకసారి విరగ్గొట్టుకున్న). బానెట్ లాకుకు గూడ గదే. తాళం ఇంట్ల పెట్టి రా. నెగెటివ్ టెర్మినల్ ఊడవీకక ముందే దానికీ బ్యాటరీ పోస్టుకీ మధ్యల ఒక లావు వైర్ కట్టు, అప్పుడు టెర్మినల్ ఊడవీకి మీటర్ 10 ఆంపియర్ల మీద పెట్టి మధ్యల కలుపు, ఆ వైర్ మాత్రం మీటర్ కలిపినంకనే తియ్యి. కరెంట్ ఒక్కసారి తెగితే మాడ్యూల్ రీసెట్ అయి అసలు తప్పే మాయమైతది. మీటర్ ఉండగ సెల్ఫ్ కొట్టకు, దాని ఫీజు ఎగిరిపోతది.

50 కంటె ఎక్కువుంటే ఫీజులు పీకుకుంట పోకు, ఒక్కో ఫీజు పెట్టి తీసినప్పుడల్ల ఒక మాడ్యూల్ లేస్తది. ఫీజు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటయి సూడు, వాటికి రెండు పిన్నులు ఆనించి మిల్లీవోల్టుల మీద చదువు. సున్నా ఉంటే ఆ లైన్ల ఏం పోతలేదు. 10 ఆంపియర్ ఫీజు మీద 3 మిల్లీవోల్టులు వస్తే దగ్గరదగ్గర 0.4 ఆంపియర్ పోతున్నట్టు, అంటే రోజుకు దాదాపు 10 ఏహెచ్, నీ 60ల మూడొద్దులకు సగం ఖతం. డీజిల్ బండి సగం బ్యాటరీ తోని యాడ లేస్తది.

నర్సంపేట పత్తి:
మాకు పత్తి ఇంట్లకొచ్చినప్పుడల్ల ఎల్కల బాధ. పోయినేడు డిక్కీ లైటు వైర్ కొరికి అది లోపల్లోపల్నే వెలుగుకుంట ఉన్నది, బయటికి కనపడదు. డిక్కీల ఫోన్ వీడియో ఆన్ చేసి పెట్టి మూసి చూసినం, దొరికింది. మీది గూడ జర చూస్కోరి. ఇంకోటి, ఆ ఆటో స్టాప్ బండికి ఈఎఫ్‌బీ బ్యాటరీ (మాటిమాటికి బందయి లేసినా తట్టుకునే రకం) ఏయాలె, మామూలుది ఏసిండ్రా ఏంది? జంపర్ పెట్టినప్పుడు నల్ల క్లిప్పు ఇంజన్ బాడీకి పట్టియ్యి, నెగెటివ్ టెర్మినల్ మీద సెన్సార్ డబ్బా ఉంటే దానికి మాత్రం పట్టియ్యకు.

పరకాల పోరడు:
అన్నలూ దొరికింది. నిన్న రాత్రి బువ్వ తిన్నంక షెడ్డుల కూసున్న, దోమలు పీక్కతిన్నయి. ముందుగాల 3.1 ఉండె, పది నిమిషాలకు 1.2, ఇరవై అయిదు నిమిషాలకు 0.38 కాడికొచ్చి ఆడనే నిలబడ్డది, గంటైనా దిగలే. ఫీజులు ఒక్కొక్కటి చూసుకుంట పోతే అన్నీ 0.0, ఒక్క 15 ఆంపియర్ ఫీజు మీద 1.7 మిల్లీవోల్టులు. మూత మీద చూస్తే అది ఆడియోది. ఫీజు పీకితే 0.03కి పడిపోయింది.

దసరాకు ముందు ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టిచ్చినం, అది మీకు చెప్పుడే మర్చిన. పొద్దుగాల దాన్ని బయటికి గుంజి చూస్తే ఎనుక ఎర్ర వైరూ పసుపు వైరూ రెండూ మెలేసి నల్ల టేప్ చుట్టి ఉన్నయి. పసుపుదానికి ఎప్పుడూ కరెంట్ ఉండాలె, ఎర్రదానికి బండి ఆన్ చేసినప్పుడే రావాలె, రెండూ కలిపితే స్క్రీన్ నల్లగయితది గని స్టీరియో బందు కాదు. పెట్టిన పిలగానికి ఫోన్ చేసి గట్టిగ మాట్లాడితే, మీ నాయిననే కలపమన్నడు గదన్నా అన్నడు! అడిగితే నాయిన ఒప్పుకున్నడు. పొలం కాడ చెట్టు కింద బండి పెట్టుకొని పాటలు ఇంటుంటే ఊకె బందయితున్నదట, ఎన్నిసార్లు బటన్ నొక్కాలెరా అంటడు.

బ్యాటరీ మామూలుదే ఏసిండ్రు, దుకాణమాయనతోని మాట్లాడుతున్న. రాత్రంత చార్జింగ్ పెట్టి కోడ్లు తుడిపిచ్చిన.

కాజీపేట వైరింగ్:
ఎర్ర వైర్ ఏసీసీ లైన్‌కు (బండి ఆన్ చేసినప్పుడే కరెంట్ వచ్చేది) కలిపినవా, ఉత్తగ కత్తిరించి ఇడిసినవా? టేప్ మీద మాత్రం ఉంచకు, ఎండకాలం జిగురు కారి ఊడతది. నాలుగైదు రోజులు తియ్యకుంట ఉంచి వోల్టేజ్ చెప్పు.

పరకాల పోరడు:
అయిదు రోజులాయె అన్నా, 12.5 ఉన్నది, ఒక్క నొక్కుకే లేసింది, లైట్లు మల్ల రాలే. వైర్ ఏసీసీకి కలిపి సోల్డర్ కొట్టిచ్చిన. నాయిన మాత్రం మాట్లాడుతలేడు. బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చిన, అది గూడ రాత్రికే దిగిపోతున్నదంట.